మీట తెర మీదికెక్కింది... చెవి మాత్రం పాతదే!

తాకితే పలికే ఫేడర్లతో మైక్ సెట్టు కార్మికుల అవస్థ - పాత రేడియో మెకానిక్‌ల సూత్రమే దారి

నిజామాబాద్: పెళ్ళి పందిరి అయినా, వినాయక మండపం అయినా, ఆషాఢంలో ఇందూరు వీధుల్లో సాగే ఊర పండుగ ఊరేగింపు అయినా మైకు లేనిదే పని సాగని రోజులివి. ఒకప్పుడు మైక్ సెట్టు అంటే ఒక అహూజా ఆంప్లిఫయర్, చెట్టుకొమ్మకు కట్టిన రెండు బాకాలు, ఒక మైకు, ముందు పలక మీద నాలుగు తిప్పుడు నాబులు. అంతే సరంజామా. తర్వాత నాబుల పక్కకు పైకీ కిందికీ జరిగే మీటలు గల మిక్సర్లు వచ్చాయి. ఇప్పుడు ఆ మీటలు కూడా లేకుండా పోతున్నాయి. నల్లపెట్టె ఒకటి వేదిక కింద ఉంటుంది. దాన్ని నడిపే మనిషి జనం మధ్య నిలబడి, చేతిలోని టాబ్లెట్ గాజు తెర మీద మీటల బొమ్మలను వేలితో జరుపుతుంటాడు.

చూసేవారికి ఇది వింతగానూ, సులువుగానూ కనిపిస్తుంది. చేసేవారికి మాత్రం అంత సులువు కాదు. వేలు కాస్త జారితే మైకు ఈల వేస్తుంది, లేదా స్పీకర్ కాయిల్ కాలుతుంది. ఇంకొంచెం జారితే పందిట్లోని పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. కాయిల్ కాలితే ఆనాటి కిరాయి అంతా మరమ్మతుకే సరి. అందువల్ల తెర మీద గీసిన ఆ మీట ఎలా ఉండాలి, ఎలా కదలాలి అన్నది కంప్యూటర్ నిపుణుల ముచ్చట మాత్రమే కాదు. నిజామాబాద్, బోధన్ ప్రాంతాలలో మైక్ సెట్ల మీద బతికే వారి కూటి సమస్య కూడా.

నాబు నుంచి మీటకు

శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటను ఆంగ్లంలో ఫేడర్ అంటారు. తెర మీద దాని బొమ్మను స్లైడర్ అని కూడా పిలుస్తారు. తొలినాళ్ళ రేడియో కేంద్రాలలో, రికార్డింగ్ థియేటర్లలో మీటలు లేవు. అరచేయంత నాబులుండేవి. ఒక చేత్తో ఒక్క నాబు తిప్పడమే సాధ్యం. పాట రికార్డు చేసేటప్పుడు గాయకుడిది ఒకటి, డోలుది ఒకటి, పియానోది ఒకటి తిప్పవలసి వస్తే రెండు చేతులు చాలేవి కావు.

న్యూయార్కులోని అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీలో పనిచేసిన టామ్ డౌడ్ అనే ఇంజనీరు 1950ల చివర ఈ చిక్కును విప్పాడు. పెద్ద నాబులను తీసేసి, పక్కపక్కన నిలువుగా జరిగే సన్నని మీటలను అమర్చాడు. దాంతో హార్మోనియం మెట్ల మీద వేళ్ళు ఆడించినట్టు ఒకేసారి నాలుగైదు మీటలను జరపడం వీలైంది. రికార్డింగ్ పలకల మీద మీటలు వ్యాపించడానికి ఆయనే ముఖ్య కారకుడని సంగీత ప్రపంచం చెప్పుకొంటుంది. డౌడ్ 2002లో కన్నుమూశాడు.

మీటలో ఇంకో సుగుణం ఉంది. నాబు ఎంత తిరిగిందో వంగి చూడాలి. మీటల వరుస అయితే దూరం నుంచి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది మెట్ల వరుసలా కళ్ళకు కడుతుంది.

1991లో ప్రో టూల్స్ అనే కంప్యూటర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2000లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆడాసిటీ ఉచితంగా అందరికీ అందింది. వీటన్నిటిలోనూ మీటలు తెర మీది బొమ్మలే. అయితే కంప్యూటర్‌కు ఉండేది ఒక్క మౌస్. దానితో ఒకసారికి ఒక్క మీటనే పట్టుకోగలం. అంటే టామ్ డౌడ్ పది వేళ్ళకు ఇచ్చిన స్వేచ్ఛను మౌస్ లాగేసుకున్నట్టయింది. 2010లో ఐప్యాడ్, ఆ తర్వాత ఇతర టాబ్లెట్లు వచ్చాక ఒకేసారి రెండు, మూడు వేళ్ళు వాడే వీలు తిరిగి కలిగింది. 2012లో బెరింగర్ కంపెనీ తెచ్చిన ఎక్స్32 వంటి డిజిటల్ మిక్సర్లను వైఫై ద్వారా టాబ్లెట్ నుంచి నడపవచ్చు. అదే కంపెనీ ఎక్స్‌ఆర్18 అనే పెట్టెకైతే మీటలే లేవు. తెరే దానికి పలక.

సగానికి లాగినా తగ్గదేం?

తెర మీది మీటతో వచ్చే మొదటి చిక్కు ఇది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మీటను పై నుంచి సగానికి లాగినా శబ్దం పెద్దగా తగ్గదు. ఇంకా లాగితే కొంచెం తగ్గుతుంది. అడుగుకు చేరబోతుండగా ఒక్కసారిగా కిందపడినట్టు మాయమవుతుంది. పరికరం చెడిపోయిందని అనుకునేవారు ఉన్నారు. పరికరంలో దోషం లేదు. మీటను గీసినవాడు స్కేలు పెట్టి కొలిచాడు కాని, చెవి పెట్టి వినలేదు. దోషం అక్కడుంది.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. మీట పొడవు 100 మిల్లీమీటర్లు అనుకుందాం. మీట ఎంత ఎత్తులో ఉంటే అంత విద్యుత్ సంకేతం పోయేలా నేరుగా లెక్క కడితే, సగం దాకా, అంటే 50 మిల్లీమీటర్లకు లాగినా తగ్గేది 6 డెసిబెల్లే. 25 మిల్లీమీటర్లకు లాగితే 12 డెసిబెల్లు. 10 మిల్లీమీటర్లకు లాగితే 20 డెసిబెల్లు. మిగిలిన ఆ 10 మిల్లీమీటర్లలోనే, ఒక మిల్లీమీటర్ ఎత్తుకు దిగేలోగా, మరో 20 డెసిబెల్లు పడిపోతాయి. అంటే మీట పొడవులో పదింట తొమ్మిది వంతులు చేసే పనిని అడుగున ఉన్న ఒక్క వంతు చేస్తుందన్నమాట. ఆ ఒక్క వంతూ వేలి గోరంత కూడా ఉండదు.

డిజిటల్ పరికరాలలో మీటకు మెట్లు కూడా ఉంటాయి. సంగీత పరికరాలు మాట్లాడుకునే మిడి పద్ధతిలో ఒక మీటకు సామాన్యంగా 0 నుంచి 127 దాకా 128 మెట్లు. ఇవి కూడా నేరు లెక్కతో నడిస్తే, 1వ మెట్టు నుంచి 2వ మెట్టుకు ఎక్కితే 6 డెసిబెల్ల దూకుడు. 126 నుంచి 127కు ఎక్కితే ఒక డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. చెవికి సుమారు ఒక డెసిబెల్ తేడా ఉంటే గాని తెలియదు. పై మెట్లు వృథా, కింది మెట్లు కరువు.

ఈ సంగతి పాత రేడియో మెకానిక్‌లకు కొత్త కాదు. వాల్యూం కంట్రోల్ పాడై మార్చేటప్పుడు వారు దాని వీపు మీద అక్షరం చూస్తారు. 'ఎ' అని ఉంటే శబ్దానికి, 'బి' అని ఉంటే ఇతర పనులకు అన్నది జపాన్ తరహా విడిభాగాలలో గుర్తు. 'ఎ' రకంలో లోపలి పూత చెవికి తగినట్టు వంపుగా పనిచేస్తుంది. 'బి' రకం నేరుగా పనిచేస్తుంది. వాల్యూం స్థానంలో 'బి' రకం బిగిస్తే రేడియో నాబు పావు వంతు తిప్పగానే గోల పెడుతుంది, ఆపైన ఎంత తిప్పినా ఏమీ తేడా ఉండదు. రెండు రూపాయల విడిభాగంలో అందరూ పాటించిన ఈ సూత్రాన్ని లక్షల ఖరీదు చేసే కంప్యూటర్లలో కొందరు మరచిపోవడం విచిత్రం.

చెరకు బండ్ల లెక్క

చెవి ఎందుకిలా లెక్క కడుతుంది? బోధన్ రైతుకు ఇది వివరించడం కష్టం కాదు. కాటా దగ్గర ఒక్క చెరకు బండి నిలబడి ఉందనుకుందాం. రెండో బండి వస్తే వెంటనే తెలుస్తుంది. అక్కడే నూరు బండ్లు బారులు తీరి ఉంటే, నూట ఒకటో బండి వచ్చి చేరినా ఎవరి కంటా పడదు. మళ్ళీ అంతే తేడా తోచాలంటే మరో నూరు బండ్లు రావాలి. పెరిగింది ఎంత అని మన ఇంద్రియాలు చూడవు, ఎన్ని రెట్లు పెరిగింది అని చూస్తాయి.

19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన వేబర్ ఈ సంగతిని బరువులు ఎత్తించి పరీక్షించాడు. ఆయన బాటలో ఫెఖ్నర్ 1860లో దీన్ని సూత్రంగా గ్రంథస్థం చేశాడు. 1920లలో అమెరికా టెలిఫోన్ ఇంజనీర్లు రెట్లను కూడికలుగా మార్చి చెప్పే కొలమానం ఒకటి తయారు చేసి, టెలిఫోన్ పితామహుడు గ్రాహం బెల్ పేరు కలిపి డెసిబెల్ అన్నారు. స్థూలంగా చెప్పాలంటే, 10 డెసిబెల్లు పెరిగితే చెవికి శబ్దం రెండింతలైనట్టు తోస్తుంది.

కనుక మంచి మీట డెసిబెల్ల లెక్కన జరగాలి. అలాగని అడుగు నుంచి పై దాకా సమానంగా పంచినా చాలదు. పనిచేసేవాడు ఎక్కువసేపు వేలు పెట్టేది పై భాగంలోనే. పాటగాడు 'అన్నా, జర పెంచు' అంటే కావలసింది రెండు మూడు డెసిబెల్లు. కాబట్టి అక్కడ చోటు విశాలంగా ఉండాలి. అడుగున శబ్దం ఎలాగూ వినిపించదు గనుక అక్కడ ఇరుకైనా ఫరవాలేదు.

ఎక్స్32 మిక్సర్ మీట ఇందుకు చక్కని ఉదాహరణ. మీట కొసన +10 డెసిబెల్లు. ముప్పావు ఎత్తున 0. సరిగ్గా సగం ఎత్తున -10. పావు ఎత్తున -30. పదహారో వంతు ఎత్తున -60. ఆ తర్వాత నిశ్శబ్దం. పై సగంలో 20 డెసిబెల్లనే పరిచారు. కింది సగంలో మిగిలిందంతా కుదించారు. లినక్స్ కంప్యూటర్లలో వాడే పల్స్‌ఆడియో వారు ఇంకో తేలిక మార్గం పట్టారు. మీట ఎత్తును మూడుసార్లు తనతో తానే గుణిస్తారు. సగం ఎత్తు అంటే ఎనిమిదో వంతు సంకేతం, అంటే 18 డెసిబెల్ల తగ్గుదల. చెవికి ఇది సహజంగా తోస్తుంది. ఒక్క వరుస లెక్కతో తీరే పని ఇది.

పాన్‌మన్ చెప్పే పాఠం

మీటకు సరైన కొలత ఇవ్వడంతోనే పని తీరదు. చేతికి జవాబు రావాలి. ఈ విషయంలో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం నాటి పనితనం గుర్తుకు రాక మానదు. 1937లో నెలకొల్పిన ఈ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర మిల్లులో అందరికన్నా నేర్పుగల పనివాడు పాన్‌మన్. గాలి తీసేసిన పెద్ద బాయిలర్ వంటి పాన్‌లో పాకం ఉడుకుతుంటే అతడు గాజు కిటికీలోంచి చూస్తుంటాడు. మధ్యమధ్య కడ్డీతో కాస్త పాకం బయటికి తీసి, గాజుముక్క మీద పులిమి, వెలుతురుకు ఎత్తిపట్టి పలుకు ఎంత పెరిగిందో పరీక్షిస్తాడు. దాన్నిబట్టి వాల్వు కొంచెం తిప్పుతాడు. మళ్ళీ చూస్తాడు. తొందరపడితే అక్కరలేని సన్నరవ్వ పుట్టి పాకం చెడుతుంది.

తిప్పడం, చూడడం, మళ్ళీ తిప్పడం. మైక్ సెట్టు పనివాడిదీ ఇదే పద్ధతి. మీట జరుపుతాడు, వింటాడు, మళ్ళీ జరుపుతాడు. మీటకూ శబ్దానికీ మధ్య ఆలస్యం ఉంటే ఈ పద్ధతి దెబ్బతింటుంది. వేలు జరిపిన అర సెకను తర్వాత శబ్దం పెరిగితే, పెరగలేదనుకుని అతడు ఇంకా పైకి తోస్తాడు. రెండు పెంపులూ కలిసి ఒకేసారి మీద పడతాయి. పెళ్ళిలో వందలాది ఫోన్లు ఒకే గాలిలో మాట్లాడుకుంటుంటే వైఫై తెగడం మామూలే. అలా తెగినప్పుడు మిక్సర్ చివరి స్థాయిలోనే నిలిచిపోతుంది. తెర మీద బొమ్మ మాత్రం వేలి వెంట కదిలితే అది పచ్చి అబద్ధం. సంబంధం తెగిన మరుక్షణం మీటలు బూడిద రంగుకు మారి, వేలికి లొంగకుండా ఉండాలి. పని జరగనప్పుడు జరిగినట్టు చూపడం కన్నా ద్రోహం లేదు.

ఇంకో చిన్న సంగతి. మీటను జరిపినప్పుడు శబ్దం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు హఠాత్తుగా దూకితే స్పీకర్‌లో చిటపటలు వినిపిస్తాయి. మెట్టుకు మెట్టుకు మధ్య సెకనులో నూరో వంతు పాటు నున్నగా జారేలా రాస్తే ఈ బెడద ఉండదు.

గాజు మీద వేలు

నిజమైన మీటకు వేలికి ఆనే గుంట ఉంటుంది. కళ్ళు వేదిక మీద ఉన్నా చెయ్యి దాన్ని వెతుక్కోగలదు. గాజుకు గుంట లేదు, గరుకు లేదు. పట్టుకున్నామో లేదో చూస్తేగాని తెలియదు. అందువల్ల తెర మీది మీటకు కొన్ని జాగ్రత్తలు అవసరం.

మొదటిది పరిమాణం. మనిషి వేలి కొన సుమారు ఒక సెంటీమీటర్ వెడల్పు. అందుకే ఆండ్రాయిడ్ వారి మార్గదర్శకాలలో తాకవలసిన ఏ బొమ్మ అయినా సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గరాదని ఉంటుంది. ఫోను తెర మీద పదహారు మీటలను ఇరికిస్తే చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, డోలు పెంచబోతే సన్నాయి పెరుగుతుంది. తెరకు ఎనిమిది చొప్పున రెండు పుటలుగా పెట్టడం మేలు.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, దూకుడు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మీట దారిలో ఎక్కడ తాకితే మీట అక్కడికి దూకుతుంది. సినిమాను ముందుకు జరపడానికి ఇది బాగానే ఉంటుంది. వేలాది వాట్ల స్పీకర్లకు ఇది ప్రమాదం. చొక్కా చేయి తగిలినా, చెమట చుక్క పడినా మీట కొసకు ఎగరవచ్చు. వేలు ఎక్కడ ఆనినా మీట ఉన్నచోటే ఉండి, వేలు ఎంత జరిగితే అంతే జరగడం సురక్షితం. వర్షంలో, నిమజ్జనం నాడు, నీటిచుక్కలను కూడా ఈ తెరలు వేళ్ళుగా పొరబడతాయి. కనుక తెరకు తాళం వేసే బొత్తాం కంటికి ఎదురుగానే ఉండాలి.

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. బ్రిటిష్ రేడియో సంస్థ బీబీసీలో చాలాకాలం మీటలు తలకిందులుగా పనిచేసేవి. తనవైపు లాగితే శబ్దం వస్తుంది, ముందుకు తోస్తే ఆగిపోతుంది. పొరపాటున చెయ్యి తగిలి మీట ముందుకు జరిగినా ప్రసారంలోకి గోల పోకుండా ఆగుతుందే తప్ప హోరెత్తదని దీనికి కారణం చెబుతారు. తప్పు జరిగితే నష్టం తక్కువ వైపు జరగాలన్నది అందులోని నీతి.

మూడోది, వేలే అంకెను కప్పేయడం. ఎంత స్థాయిలో ఉందో తెలిపే అంకె మీట కిందనే ఉంటే వేలి చాటున పడుతుంది. అది వేలికి పైగా, పెద్ద అక్షరాలలో కనిపించాలి. నాలుగోది, 0 గుర్తు దగ్గర మీట కాస్త ఆగినట్టు అనిపించాలి. పాత మీటలకు అక్కడ గంటు ఉండేది. తెర మీద చిన్న అదురు ఆ పని చేస్తుంది. రెండుసార్లు తడితే మీట తన మామూలు స్థానానికి తిరిగి రావడం కూడా చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్న మంచి అలవాటు.

తెర మీద గుండ్రటి నాబు బొమ్మలు గీయడం మాత్రం అందం కోసమే. గాజు మీద వేలితో వలయం తిప్పడం ఎవరికీ కుదరదు. అందుకే చాలామంది సాఫ్ట్‌వేర్ రచయితలు నాబు బొమ్మ గీసి, వేలు నిలువుగా జరిపితే అది తిరిగేలా పెడతారు. అలాంటప్పుడు నేరుగా మీటనే గీస్తే పోదా?

0 అంటే నిశ్శబ్దం కాదు

తెర మీద 0 డెసిబెల్ అని కనిపించగానే శబ్దం లేదని కొత్తవారు పొరబడుతుంటారు. మీట మీది 0 అంటే వచ్చిన సంకేతాన్ని పెంచకుండా, తగ్గించకుండా ఉన్నది ఉన్నట్టు పంపడం. అక్కడి నుంచి పైకి తోస్తే కలిపినట్టు, కిందికి లాగితే తీసివేసినట్టు. గాలిలో కొలిచే డెసిబెల్లు వేరు, మీట మీది డెసిబెల్లు వేరు.

0 పైన ఉన్న పావు వంతు దారి చూడడానికి కొంచెమే. దాని భారం మాత్రం కొంచెం కాదు. 3 డెసిబెల్లు పెంచితే ఆంప్లిఫయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. 10 డెసిబెల్లు పెంచితే పది రెట్లు ఇవ్వాలి. 100 వాట్లతో హాయిగా పాడుతున్న స్పీకర్‌ను 1000 వాట్లు మింగమన్నట్టే. ఆంప్లిఫయర్ అంత ఇవ్వలేక సంకేతాన్ని నరికేస్తుంది, శబ్దం బొంగురుపోతుంది, కాయిల్ వేడెక్కి కాలుతుంది. చెవికి మాత్రం రెండింతలే అనిపిస్తుంది. 0 పైన ఉన్న భాగాన్ని వేరే రంగులో, వీలైతే కాస్త బరువుగా జరిగేలా పెడితే చెయ్యి తనంతట తానే వెనుకాడుతుంది. రంగులు గుర్తించలేని వారూ ఉంటారు గనుక రంగుతో పాటు గీతల తేడా కూడా ఉండాలి.

ఇక చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూచన ప్రకారం రోజుకు 8 గంటలు వినదగిన గరిష్ఠ శబ్దం 85 డెసిబెల్లు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్లకు వ్యవధి సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలే. పెద్ద స్పీకర్ల ముందు రాత్రంతా నిలబడే కుర్రాళ్ళు మీటను ఇంకా పైకి తోయడానికి ఒక కారణం వారి చెవులే మొద్దుబారడం. వినబడటం లేదని పెంచుతారు, పెంచినకొద్దీ వినబడదు.

చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు పరిమితి. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు నిషిద్ధం. పండుగలకు యేడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కాగా, తెర మీది మీటకు ఒక సౌకర్యం ఉంది. ఇనుప మీటకు అది లేదు. ఈ గీత దాటి పైకి పోవద్దని ముందే కట్టడి చేయవచ్చు. బడి ముందు పెళ్ళి అయితే కార్యక్రమానికి ముందే ఆ గీత గీసుకుంటే, తర్వాత బంధువులు ఎంత పట్టుబట్టినా మీట కదలదు. గొడవ మనిషితో కాకుండా యంత్రంతో ముగుస్తుంది.

చూపు లేనివారి మాట

సంగీతమే జీవనాధారమైన అంధ కళాకారులు మన పల్లెల్లో, పట్టణాల్లో కద్దు. ఇనుప మీట వారికి అడ్డంకి కాలేదు. చేత్తో తడిమితే అది ఎక్కడుందో తెలిసేది. గాజు తెర వారికి మూసిన తలుపు. అయితే ఇది తెరవలేని తలుపు మాత్రం కాదు.

ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. దానితో వాడే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా పలుకుతుంది. అది మీటను గుర్తించాలంటే మాత్రం సాఫ్ట్‌వేర్ రాసినవారు సహకరించాలి. ఉత్త బొమ్మ గీసి వదిలేస్తే అది మీట అని గొంతుకు తెలియదు. ఇది మీట, దీని పేరు ఫలానా మైకు, ఇప్పుడు ఇంత స్థాయిలో ఉంది అని లోపల రాసి పెట్టాలి. బాణం గుర్తు మీట నొక్కితే ఒక చిన్న మెట్టు, పేజ్ అప్, పేజ్ డౌన్ నొక్కితే పెద్ద మెట్టు జరగాలి. గొంతు కూడా '73 శాతం' అనక 'మైనస్ 6 డెసిబెల్లు' అంటే పని తెలిసినవాడికి అర్థవంతంగా ఉంటుంది. అంధులకు చేసిన ఈ ఏర్పాటు చూపున్నవారికీ పనికివస్తుందన్నది గమనార్హం. వేలితో కుదరని అర డెసిబెల్ మార్పు బాణం గుర్తుతో ఇట్టే కుదురుతుంది.

మన పిల్లలకు ఒక పని

ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవారు ఎక్కడో ఉన్నారు. నిమజ్జనం నాటి వాన, పందిట్లో పసుపు అంటిన వేళ్ళు, కరెంటు పోయి వచ్చినప్పుడు మైకు వేసే ఈల వారికి తెలియకపోవచ్చు. ఇవి తెలిసినవారు ఇక్కడే ఉన్నారు. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం, గోదావరి దాటితే బాసరలో 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ, నిజామాబాద్ పాలిటెక్నిక్ విద్యార్థులు యేటా ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కుంటారు. తెలుగు పేర్లతో, చెవి లెక్కతో, తాళం, కట్టడి గల ఒక మీటల పలకను తయారు చేయడం వారికి తలకు మించిన పని కాదు. దీనికి కావలసిన పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి.

పరీక్షించడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఐదుగురు మైక్ సెట్టు పనివారిని పిలిచి, తెర చేతికిచ్చి, ఏమీ నేర్పకుండా మూడు పనులు చెప్పాలి. పాటగాడి గొంతు కొద్దిగా పెంచమనాలి. ఈల వేస్తున్న మైకును వెంటనే ఆపమనాలి. వేదిక వైపు చూస్తూ, తెర చూడకుండా డోలు తగ్గించమనాలి. వారి వేలు ఎక్కడ తడబడిందో అక్కడ తప్పు మీటది, మనిషిది కాదు. ఆ చోటు సరిదిద్ది మళ్ళీ ఇవ్వాలి.

ఇదిలా ఉండగా, ఉన్న సాఫ్ట్‌వేర్లతోనే పని నెట్టుకొచ్చేవారు కొన్ని జాగ్రత్తలు పాటించవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే స్పీకర్లు కలపకుండా హెడ్‌ఫోన్‌తో మీటను పై నుంచి కిందికి మెల్లగా లాగి చూడాలి. సగం దగ్గర శబ్దం బాగా తగ్గిందంటే అది చెవి లెక్క మీట. తగ్గకపోతే నేరు లెక్క మీట, దానితో జాగ్రత్త. దారి మధ్యలో తాకితే దూకుతుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆంప్లిఫయర్ నాబులను ముందే అదుపులో పెట్టి, తెర మీది మీట కొసకు పోయినా స్పీకర్ తట్టుకునేలా సరిచూసుకోవాలి. చిన్న నాబుల మిక్సర్ ఒకటి పెట్టెలో అదనంగా ఉంచుకోవడం ముందుచూపు అనిపించుకుంటుంది.

తెరలు మారుతాయి, పెట్టెలు మారుతాయి. పాట వినే చెవి తాతల నాటిదే. ఆ చెవి లెక్క తెలిసి గీసిన మీట ఎవరూ నేర్పకుండానే చేతికి లొంగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు ఒక్కసారి బజారులోని రేడియో మెకానిక్ దుకాణం మెట్లెక్కి, ఆ 'ఎ', 'బి' గుర్తుల కథ అడిగి తెలుసుకుంటే మేలు. పెళ్ళి పందిట్లో పాట బాగుంటుంది, మైక్ సెట్టు కార్మికుడి కిరాయి అతని ఇంటికే చేరుతుంది.